డీటీపీ ఫాంట్లలో ఇరుక్కుపోయిన తెలుగు పరిశోధన

సంపాదకుల గారికి నమస్కారం.

నేను పన్నెండేళ్లుగా చెన్నైలో జర్నల్ వ్యాసాలకు ట్యాగులు వేసే పనిలో ఉన్నాను. ఊళ్లో ఎవరైనా ఏం పని అనడిగితే జాట్స్ ఎక్స్‌ఎంఎల్ అంటాను, వ్యాసంలో ఏ భాగం ఏమిటో కంప్యూటరుకు చెప్పే గుర్తుల పద్ధతి అది. మా బాబాయి అయితే "హర్యానాలో రైళ్లు ఆపారే, ఆ జాట్లతో నీకేం పనిరా" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం గానీ, మొన్న మా మేనకోడలి వల్ల ఆ జాట్లూ ఈ జాట్సూ నిజంగానే ఒకచోట చేరాయి.

ఆ పిల్ల పీహెచ్‌డీ రిజర్వేషన్ ఉద్యమాల మీద. 2016 జనవరి 31న తునిలో కాపు గర్జన సభ రోజు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది, ఆ తర్వాతి నెలలోనే హర్యానాలో జాట్ల ఆందోళన మునక్ కాలువ దాకా పాకి ఢిల్లీకి తాగునీళ్లు ఆగిపోయాయి. అంతకుముందు 2015 మార్చిలో సుప్రీంకోర్టు, జాట్లను కేంద్ర ఓబీసీ జాబితాలో చేర్చిన ఉత్తర్వును కొట్టేసింది, పాత లెక్కలు పట్టుకుని ఇప్పటి వెనుకబాటు తేల్చడం కుదరదంది. ఈ రెండు ఉద్యమాలనూ పక్కపక్కన పెట్టి చూడాలని ఆమె ఆశ. ఇంగ్లిష్‌లో కావలసినంత దొరికింది. తెలుగులో "జాట్" అని కొడితే ఒక్కటీ రాలేదు.

రాయలేదా అంటే, రాశారు. గైడు చెప్పిన పీడీఎఫ్‌లు తెరిచి చూస్తే వ్యాసం ఎదురుగానే ఉంది, కంటికి శుభ్రంగా తెలుగే. కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలిసిన పిచ్చిరాత! పాత డీటీపీ ఫాంట్ల మహిమ అది, లోపల ఉన్నది తెలుగే కాదు, తెలుగు వేషం వేసుకున్న వేరే అక్షరాలు. ఇంకో సంచిక ఏకంగా స్కాన్ చేసిన బొమ్మ, అదీ వంకరగా. చివరికి జిరాక్సులు పక్కన పెట్టుకుని తనే టైపు చేసుకుంటోంది. తెలుగు అక్షరాన్ని కంప్యూటరు తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో మన లిపి 1991 నుంచీ ఉందండీ.

ఇక జాట్స్ సంగతి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 2003లో తెచ్చిన ట్యాగుల నుంచి పుట్టి, 2012లో ప్రమాణంగా స్థిరపడింది. వాడుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. ఇది వ్యాసం పేరు, ఇది రచయిత, ఇది సారాంశం, ఇవి ఆధారాలు అని కంప్యూటరుకు విడివిడిగా చెప్పడమే దాని పని. అలా చెబితే "జాట్" అనేది రచయిత ఇంటిపేరా, వ్యాసం విషయమా అన్నది తేడా తెలుస్తుంది. ఇంటిపేరు ముందు రాసే మనలాంటి వాళ్లకీ అందులో చోటుంది, పేరును రెండు లిపుల్లో ఇవ్వొచ్చు, తెలుగు వ్యాసానికి ఇంగ్లిష్ సారాంశం జతచేయొచ్చు. బ్రెజిల్‌లో మొదలైన సైలో అనే ఆన్‌లైన్ జర్నళ్ల వేదిక వాళ్లు పోర్చుగీసు, స్పానిష్ వ్యాసాలను ఇలాగే లోకం ముందు పెడుతున్నారు. ఇది డాక్టర్ల గొడవ, మన సాహిత్యానికీ చరిత్రకీ ఎందుకు అనేవాళ్లు ఒక్కసారి అవి చూడాలి.

నా కడుపుమంట ఏమిటంటే, ఈ పని చేసే చేతులు చాలావరకు ఇక్కడివే. నా పక్క కుర్చీ గుంటూరు, వెనక కుర్చీ ఖమ్మం, పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరెవరి వ్యాసాలకో ట్యాగులు వేస్తాం, ఇన్నేళ్లలో నా చేతిమీదుగా ఒక్క తెలుగు వ్యాసం పోలేదు.

రెండు రాష్ట్రాల్లోనూ ప్రజల డబ్బుతో నడిచే జర్నళ్లు పాతవన్నీ రేపే మార్చమని అడగను. వచ్చే సంచిక నుంచి యూనికోడ్‌లో కూర్చి, పీడీఎఫ్‌తో పాటు జాట్స్ ఫైలు కూడా పెట్టాలని ప్రభుత్వాలు గ్రాంటు ఇచ్చేటప్పుడే షరతు రాస్తే చాలు. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఎప్పటినుంచో ఉన్నాయి, తప్పులు దిద్దే మనిషికి మాత్రం జీతం ఇవ్వాలి.

అన్నట్టు, మీ పత్రిక పాత సంచికల్లో కూడా మా మేనకోడలు తుని కోసం వెతికింది. అక్కడా బొమ్మలే ఉన్నాయి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు, చెన్నై