ఒకే ఎయిర్‌పోర్టులో దిగి కూడా కలుసుకోలేకపోతున్నాం: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు.

మా ఊరివాళ్లు యాత్రకు పోతే గుంపుగానే పోతారు. విమానం మాత్రం గుంపుగా ఎక్కడం కుదరదు. అందరికీ రేణిగుంట నుంచి ఒకే విమానంలో టికెట్లు దొరకవు, దొరికినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని పెద్దవాళ్లు రేణిగుంటలో ఎక్కి హైదరాబాద్ మీదుగా, కొందరు మద్రాసు నుంచి, ఉద్యోగాలు చేసే పిల్లలు బెంగళూరు నుంచి బయల్దేరతారు. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కలుద్దాం అనుకుంటారు. అది అనుకున్నంత తేలిక కాదని అక్కడ దిగాక గానీ తెలియదు.

ఢిల్లీలో టెర్మినల్ 2, 3 పక్కపక్కనే ఉంటాయి, నడిచి పోవచ్చు. టెర్మినల్ 1 దారే వేరు, రోడ్డు మీద కిలోమీటర్ల దూరం. మెట్రో రెండు వైపులా ఉంది, కానీ నేరుగా లేదు. టెర్మినల్ 1 దగ్గర మెజెంటా లైన్ ఎక్కి, జనక్‌పురి వెస్ట్‌లో దిగి, బ్లూ లైన్‌లో ద్వారకా సెక్టార్ 21 దాకా పోయి, అక్కడ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టెర్మినల్ 3 వస్తుంది. సూట్‌కేసులు, పచ్చడి డబ్బాలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వెంట ఉంటే ఆ దారి ఎవరు పడతారో మీరే చెప్పండి. రెండింటినీ కలుపుతూ 7.7 కిలోమీటర్ల ఎయిర్ ట్రైన్ వేస్తామని 2024లో టెండర్లు పిలిచారు. రావాలి, సంతోషం. ముంబైలో టెర్మినల్ 1 శాంతాక్రజ్ వైపు, టెర్మినల్ 2 సహార్ వైపు. అక్కడ కాస్త నయం, 2024 అక్టోబరులో మొదలైన మెట్రో 3లో రెండు టెర్మినళ్లకూ స్టేషన్లు పడ్డాయి, మధ్యలో సహార్ రోడ్ ఒక్కటే. అయితే 2025లో నవీ ముంబై విమానాశ్రయం కూడా తెరిచారు. ఇక అక్కడ ఏ టెర్మినల్ అని కాదు, ఏ ఎయిర్‌పోర్టు అని అడగాలి.

దూరం గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. పెద్ద ఊళ్లలో దూరాలు ఉంటాయి. నా బాధ వేరే. ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి మనిషి ఎందుకు పోతాడు అంటే, తర్వాతి విమానం ఎక్కడానికి అని ఒక్క కారణమే ఈ ఏర్పాట్లు చేసేవాళ్లకు తోస్తున్నట్టుంది. సొంతవాళ్లను కలుసుకోవడానికి పోయేవాళ్లు వాళ్ల లెక్కలో లేరు.

మాకు జరిగింది చెబుతాను, ఆ ఎయిర్‌పోర్టు పేరు మాత్రం వద్దు. నేనూ మా తమ్ముడూ ఒక టెర్మినల్‌లో దిగాం. మా పెద్దమ్మ, ఆమె చెల్లెలు ఇంకో దాంట్లో. అక్కడి నుంచి అందరం కలిసి రాత్రి రైలు ఎక్కాలి. టెర్మినళ్ల మధ్య తిరిగే బస్సు ఎదురుగానే ఉంది, సగం ఖాళీగా. తర్వాతి ఫ్లైట్ టికెట్ చూపించమన్నారు. రైలు టికెట్ చూపించాం. పనికిరాదన్నారు. టాక్సీ క్యూలో నిలబడి పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"యాడుండావు పెద్దమ్మా?"

"ఈడనే నాయనా, స్తంభం కాడ."

"ఏ స్తంభం? దాని మీద నంబరుంటుంది చూడు."

"అన్నిటి మీదా ఉండాది. ఈడ అంతా ఒకే మాదిరి ఉండాది నాయనా."

ఆమె దగ్గరున్నది బటన్ ఫోన్, లొకేషన్ పంపే వీలు లేదు. బోర్డులన్నీ హిందీ, ఇంగ్లీషు. మేం చేరేలోపు ఎవరో ఇక్కడ నిలబడకూడదని చెబితే వాళ్లిద్దరూ పై అంతస్తుకు పోయారు, డిపార్చర్ వైపు. మమ్మల్ని లోపలికి పోయి వెతకనివ్వలేదు, ఆ టెర్మినల్ టికెట్ మా దగ్గర లేదు కదా. గేటు దగ్గర జవాను తప్పు ఏమీ లేదు, అది భద్రతా నిబంధన. చివరికి దొరికారు, ట్రాలీ మీద కూర్చుని, బీపీ మాత్ర వేసుకుని. ఆ టెన్షన్‌లో రైలు అందుకోవడమే గొప్ప అనిపించింది.

ఇంకొక చిక్కు ఉంది. టెర్మినల్ మారితే మెసేజ్ ఎవరికి పోతుంది? టికెట్ బుక్ చేసినప్పుడు ఇచ్చిన నంబరుకు. మా పక్క చాలామందికి టికెట్లు తీసేది ట్రావెల్ ఏజెంటే, ఆ నంబరు ఆయనదే. ఆయన పొద్దున కొట్టు తెరిచేటప్పటికి మావాళ్లు గాల్లో ఉంటారు. మీరు బాధ్యతలు తీసుకున్న నెలలోనే, 2024 జూన్ 28న, ఢిల్లీ టెర్మినల్ 1 దగ్గర పైకప్పు కూలి ఒకరు చనిపోయారు, విమానాలను మిగతా టెర్మినళ్లకు మార్చారు. అలాంటి రోజున ఎవరు ఎక్కడ దిగుతున్నారో ఇంట్లోవాళ్లకు ఎలా తెలియాలి? ప్రతి ప్రయాణికుడి సొంత ఫోనుకు, అతని భాషలో, టెర్మినల్ నంబరుతో మెసేజ్ పోయేలా విమాన సంస్థలకు, వాటిని నియంత్రించే డీజీసీఏ చేత చెప్పించండి.

గుంపులో మనుషులు తప్పిపోవడం మాకు కొత్త కాదు సార్. తిరుమలలో అది రోజూ జరిగేదే. కానీ కొండ మీద తప్పిపోయినవాడు ఎక్కడికి పోవాలో దారిన పోయే ప్రతివాడికీ తెలుసు. పేరు, ఊరు చెబితే మైకులో పిలుస్తారు. కొండ మీద ఉచితంగా తిరిగే ధర్మరథం బస్సు ఎక్కితే నీ దగ్గర ఏ టికెట్ ఉంది, ఎందుకు పోతున్నావు అని అడిగేవాడు లేడు. అన్ని కోట్లు పెట్టి కట్టిన టెర్మినల్‌లో ఆ మాత్రం ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

కొత్త భవనాలు అడగడం లేదు. ఆ రోజు బోర్డింగ్ పాస్ ఉన్న ఎవరినైనా టెర్మినళ్ల మధ్య బస్సు ఎక్కనివ్వండి. ప్రతి టెర్మినల్ అరైవల్ గేటు బయట, అందరికీ తెలిసే ఒక్క చోటు పెట్టండి. దానికి నంబరు కాదు, పేరూ గుర్తూ ఉండాలి. ఏనుగు బొమ్మో నెమలి బొమ్మో పెడితే చదువు రానివాళ్లు కూడా ఫోన్‌లో "ఏనుగు దగ్గర ఉన్నా" అని చెప్పగలుగుతారు. అక్కడ కూర్చోవడానికి కుర్చీలు, ఫోన్ చార్జింగ్, రెండో టెర్మినల్‌లోని అలాంటి చోటుకే కలిసే ఒక టెలిఫోన్. కోల్‌కతాలో, తర్వాత చెన్నైలో మీరు తెరిపించిన ఉడాన్ యాత్రీ కేఫ్‌లో 10 రూపాయలకే టీ దొరుకుతోంది. అలాంటిది ఒకటి ఆ కుర్చీల పక్కన, గేటు బయట పెడితే ఎదురుచూసేవాళ్లు మీ పేరు చెప్పుకుని తాగుతారు.

ఢిల్లీ, ముంబై ప్రైవేటు సంస్థల చేతుల్లో ఉన్నాయి, ఒప్పందాలు చూడాలి అని అధికారులు అంటారేమో. చెన్నై అలా కాదు, మీ శాఖ కింద ఉన్న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే. మా జిల్లాలవాళ్లు, రాయచోటి, రాజంపేట వైపువాళ్లు కువైట్ నుంచి వచ్చి దిగేది ఎక్కువగా అక్కడే, అంతర్జాతీయ టెర్మినల్ 2లో. అదే కారులో ఇంటికి పోదామని హైదరాబాద్ నుంచి వచ్చే చెల్లెలు టెర్మినల్ 1లోనో 4లోనో దిగుతుంది. అక్కడ దూరాలు నడవగలిగినవే. కావలసింది ఆ ఏనుగు బొమ్మ, తెలుగులోనూ తమిళంలోనూ రాసిన నాలుగు బోర్డులు, పెద్దవాళ్లను ఎక్కించుకునే ఒక బ్యాటరీ బండి. వేసవిలో కేదార్‌నాథ్, బదరీనాథ్ గుళ్లు తెరిచేసరికి మావాళ్లు మళ్లీ మూడు దార్లలో బయల్దేరతారు. ఈలోగా చెన్నైలో ఒక్క చోట మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు,
తిరుపతి