మన సంఘం 2024–25 వార్షిక నివేదిక: మేడ మీది బొమ్మలు

సభ్యులందరికీ నమస్కారం.

కంటి పరీక్షల శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ, పదో తరగతి పిల్లలకు పుస్తకాల పంపిణీ యథాప్రకారం జరిగాయి. ఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పను. ముగ్గుల పోటీ బహుమతుల దగ్గర వచ్చిన మాటామాటా గురించి అసలే చెప్పను. ఈ ఏడాది చెప్పుకోవలసిందల్లా మన భవనం మేడ మీద పెట్టిన బొమ్మల గురించే.

మన డ్రాయింగు మాస్టారు తన దగ్గరున్న బొమ్మలు ఊరికి చూపిస్తానన్నప్పుడు, అవి ఆయన వేసినవే అనుకున్నాం. నేనైతే శాలువా కూడా తెప్పించాను. తీరా ట్రంకుపెట్టెలు విప్పితే 86 బొమ్మలు, ఒక్కటీ ఆయనది కాదు! మద్రాసులో కలిసి చదువుకున్నవాళ్లవి, హైదరాబాదు మిత్రులవి, ఇప్పుడు బొమ్మలు వేస్తున్న ఆయన శిష్యులవి. "కొనడానికి డబ్బులెక్కడివండీ? నాదొకటి ఇచ్చి వాళ్లదొకటి తెచ్చుకున్నాను" అన్నారు.

అయినా డబ్బు పెట్టి కొన్నవాటిలో ఒక బాతిక్ గుడ్డ (మైనం పూసి రంగులద్దిన బట్ట) ఉంది. 1966లో కె.సి.ఎస్. పణికర్ గారి ఆధ్వర్యంలో కొందరు చిత్రకారులు మద్రాసు దగ్గర సముద్రపొడ్డున స్థలం కొనుక్కుని చోళమండలం అనే ఊరు కట్టుకున్నారు. బాతిక్ గుడ్డలు, చేతిపనులు అమ్మి పొట్ట పోసుకుంటూ మిగిలిన వేళల్లో తమకు నచ్చిన బొమ్మలు వేసుకునేవారు. మాస్టారు అక్కడికి వెళ్లినప్పుడు, అమ్మగారికి చీర కొనాల్సిన డబ్బుతో ఈ గుడ్డ తెచ్చారట. ప్రారంభం రోజున అమ్మగారు దాని ముందు నిలబడి, "ఇదిగో నా చీర, అద్దంలో పెట్టారు" అని వచ్చినవాళ్లందరికీ చూపించారు.

ప్రారంభానికి ఫిబ్రవరి 6 ఎంచుకున్నది మాస్టారే. దామెర్ల రామారావు గారు పోయి ఆ రోజుకు సరిగ్గా వందేళ్లు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చిత్రకళ చదువుకుని, తిరిగొచ్చి గోదావరి ఒడ్డునే చిత్రకళాశాల పెట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయారు. ఆయన బొమ్మలు ఈ రోజు రాజమండ్రి గ్యాలరీలో కనబడుతున్నాయంటే వరదా వెంకటరత్నం గారి వంటి మిత్రులు వాటిని కనిపెట్టుకుని ఉండబట్టే. జనవరిలో కార్యవర్గమంతా వెళ్లి చూసొచ్చాం. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటేదాకా మాస్టారు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అన్నారు: "వేసినవాడికి వేయడం వరకే తెలుస్తుందండి. దాచేవాళ్లు వేరే ఉండాలి."

ఆ దాచడం ఎంత పనో మాకు అప్పుడు తెలియదు. మన కోనసీమలో కొబ్బరికి మంచిదైన గాలే కాగితానికి శత్రువు. తేమ 65 శాతం దాటి కొన్నాళ్లుంటే కాగితానికి బూజు పడుతుంది. మీటరు కొని మేడ మీద పెడితే తెల్లవారుజామున 80 చూపించింది. ఏసీ పెట్టిద్దామని ఒక సభ్యుడు ఉదారంగా ముందుకొచ్చారు, వారికి కృతజ్ఞతలు. కానీ పగలు వేసి రాత్రి ఆపే ఏసీ వల్ల మేలుకంటే కీడే ఎక్కువ. తేమ ఒక్కసారిగా తగ్గి పెరుగుతుంటే కాగితం ముడుచుకుని సాగుతుంది, కాన్వాసు మీది రంగు పెచ్చులూడుతుంది. అందుకని తేమ లాగే యంత్రం ఒకటి తెచ్చి రాత్రింబవళ్లు నడుపుతున్నాం. కరెంటు బిల్లు చూసి గాభరా పడినవారికి ఇదే సమాధానం.

నిమ్మెక్కిన పడమటి గోడను ఖాళీగా వదిలేశాం. మిగతా గోడలకు బొమ్మ ఆనకుండా ఫ్రేము వెనక నాలుగు మూలలా చెక్కముక్కలు పెట్టి గాలి ఆడేలా చేశాం. పాత ఫ్రేముల వెనక వాడిన మామూలు అట్ట కాగితాన్ని పసుపురంగులోకి మార్చేసింది. యాసిడ్ లేని అట్ట హైదరాబాదు నుంచి తెప్పించి మార్చాం. ట్యూబులైట్లు తీసేశాం. నీటిరంగుల బొమ్మలకూ, కాగితం మీది అచ్చులకూ 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మించి వెలుగు పడకూడదు. "గుడ్డిదీపాల్లో ఏం చూస్తాం" అన్నవాళ్లు రెండు నిమిషాలు ఓపిక పడితే కళ్లు అలవాటు పడతాయి.

1996 నవంబరు తుపానులో మాస్టారి పెంకుటిల్లు కప్పు లేచిపోయినప్పుడు కొన్ని బొమ్మలు పోయాయి. ఎన్ని అని అడిగితే చెప్పరు. ఆ రాత్రి తడిసి, ఎండబెట్టుకున్న ఒక నీటిరంగు బొమ్మ మాత్రం మెట్ల పక్కనే ఉంది. ఆకాశం రంగు కిందికి కారి పొలంలో కలిసిపోయింది. వేసినాయన తర్వాత చూసి, ముందుకంటే ఇప్పుడే బావుందన్నారట. నాకూ అలాగే అనిపించింది.

జనం రాకపోకల గురించి చెప్పాలి. మొదటి వారం చాలామంది "దేవుడి బొమ్మ ఒక్కటీ లేదేంటండి" అని దిగిపోయారు. అచ్చుల కింద పెన్సిల్‌తో 4/25 అని ఉండటం చూసి పిల్లలు, పాతికకి నాలుగు మార్కులే వచ్చాయని జాలిపడ్డారు. ఒకే రేకు మీంచి తీసిన 25 ప్రతుల్లో ఇది నాలుగోదని దాని అర్థం. ఎ.పి. అని రాసినవి ఆంధ్రప్రదేశ్‌వి కావు, చిత్రకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతులు. ఈ రెండు సంగతులూ ఇప్పుడు బోర్డు మీద రాయించాం.

మలుపు తిప్పినాయన మన బజారులో నగలు చేసే ఆచారి గారు. ఎచింగ్ బొమ్మ దగ్గర కళ్లద్దాలు తీసి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసి, "ఇది గీసింది కాదండి, యాసిడ్ తిన్న గీత" అన్నారు. జింకు రేకుకు మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే పూత పోయిన చోటే రేకు కరుగుతుంది. అలా పడ్డ గాడుల్లో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. ఇదంతా మాస్టారు చెప్పకముందే ఆచారి గారు పిల్లలకు చేతులతో చేసి చూపించారు. ఆ తర్వాత ఆదివారాలు ఆయన దగ్గరే గుంపు. మాస్టారు కుర్చీ వేసుకుని వింటూ కూర్చునేవారు.

ఈ బొమ్మలతో మన సంఘం క్యాలెండరు వేయిద్దామన్న ప్రతిపాదన వచ్చింది, ప్రెస్సుకు కూడా వెళ్లబోయింది. మాస్టారు ఆపారు. బొమ్మ ఆయనదే గాని, అచ్చేసే హక్కు వేసినవారిదట. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రాసివ్వకపోతే ఆ హక్కు చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, పోయాక కూడా 60 ఏళ్లు వారసులది. తొందరపడింది నేనే, సభ్యులు మన్నించాలి. ఈసారికి గోదావరి ఫొటోతో సరిపెట్టుకున్నాం.

ఇక సభ ముందుకు వచ్చే తీర్మానం. మాస్టారు ఈ బొమ్మల్ని మనకు ఇచ్చేయలేదు, మూడేళ్లకు అప్పుగా ఉత్తరం రాసిచ్చారు. పూర్తిగా ఇవ్వమని అడిగితే, "ఇచ్చేస్తే అటకెక్కిస్తారు. అప్పయితే భయం ఉంటుంది" అన్నారు. ఆ మాటకు కొందరు నొచ్చుకున్నారు గాని, కింది హాలులో మనం చేస్తున్నది చూస్తే ఆయనను తప్పుపట్టలేను. పెళ్లిళ్లకు అద్దెకిచ్చి వెనక వరండాలోనే గాడిపొయ్యి పెడుతున్నాం. బూరెల నూనె పొగ మెట్ల మీదుగా నేరుగా పైకి వస్తోంది. మార్చిలో రెండు అద్దాల మీద జిడ్డు తుడిచాను. హాలు అద్దె మన ప్రధాన ఆదాయమని నాకూ తెలుసు, మానమనడం లేదు. వంటలను కాలవ గట్టు వైపు రేకుల షెడ్డులోకి మార్చాలని నా ప్రతిపాదన. షెడ్డు అంచనా పట్టికలో ఏడో వరుసలో ఉంది. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు దీన్ని తేల్చవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి