బద్వేలు–నెల్లూరు రోడ్డుకు డబ్బు ఎవరు పెట్టాలి? – మన సంఘం 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక చలివేంద్రంతో మొదలై జమాఖర్చులతో ముగుస్తుంది. ఈసారి ఆ రెండూ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టాం. మజ్జిగ రెండు వారాలకే ఆగిపోయింది, మంచినీళ్లు మాత్రం వానలు పడేదాకా ఇచ్చాం. కంటి పరీక్షల శిబిరం జరిగింది. గ్రంథాలయం పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. జమాఖర్చుల కాగితం విడిగా పంచుతున్నాం, కోశాధికారిగారు చూసి సంతకం పెట్టారు. మిగతా ఏడాదంతా రోడ్డు గొడవే.

2025 మే 28న కేంద్ర మంత్రివర్గం బద్వేలు–నెల్లూరు నాలుగు వరుసల రహదారికి ఆమోదం తెలిపింది. కడప జిల్లా గోపవరం దగ్గర మొదలై, చెన్నై–కోల్‌కతా హైవే మీద కృష్ణపట్నం పోర్టు జంక్షన్ దగ్గర కలుస్తుంది. పొడవు 108.134 కిలోమీటర్లు, ఖర్చు రూ.3,653.10 కోట్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 34 కోట్లు. పోర్టుకు ఇప్పుడున్న 142 కిలోమీటర్ల దూరం 108కి తగ్గుతుందని, గంట కలిసొస్తుందని కేంద్రం చెప్పింది. మనం బొంబాయి రోడ్డు అని పిలుచుకునే ఈ 67వ నంబరు హైవే కర్ణాటకలో గోవా సరిహద్దుకు దగ్గర్లోని రామనగర్‌లో మొదలై, హుబ్బళ్లి, బళ్లారి, గుంతకల్లు, తాడిపత్రి, మైదుకూరు మీదుగా మన దాకా వస్తుంది. రోడ్డు పోయేది మన పొలాల పక్కన, దాని మీద ఎక్కువగా తిరగబోయేది సరిహద్దు అవతలి సరుకు. మన చర్చంతా ఆ ముడి దగ్గరే తిరిగింది.

జూన్ సమావేశానికి కుర్చీలు చాలలేదు. ముందుగా డబ్బు సంగతి అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు. ఈ రోడ్డును డీబీఎఫ్‌ఓటీ పద్ధతిలో కడతారు. కంపెనీయే డిజైన్ చేసి, అప్పు తెచ్చి, కట్టి, నడిపి, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగిస్తుంది. పెట్టిన డబ్బు టోల్‌లో రాబట్టుకుంటుంది. మన ఉమ్మడి ప్రకాశం జిల్లా చుట్టాల ఊళ్లు, అంటే చంద్రశేఖరపురం, మర్రిపూడి వైపు నుంచి పోతున్న బెంగళూరు–కడప–విజయవాడ రోడ్డుది వేరే పద్ధతి. దాన్ని హ్యామ్ అంటారు, 2016లో వచ్చింది. అందులో 40 శాతం డబ్బు కట్టేటప్పుడే ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది కంపెనీకి ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తుంది. బండ్లు తిరిగినా తిరగకపోయినా ఆ కంపెనీకి వాయిదా వస్తుంది. మన రోడ్డులో బండ్లు తిరక్కపోతే నష్టం కంపెనీది. 'మన జేబులో నుంచి పోయేదాంట్లో తేడా ఏముంది సామీ?' అని వెనక నుంచి ఎవరో అడిగారు. అడిగిందెవరో కనిపించలేదు గానీ, ఆ రోజు అంతకంటే మంచి ప్రశ్న రాలేదు.

'లీటరు డీజిలు కొట్టించిన ప్రతిసారీ రోడ్డు సెస్సు కడుతూనే ఉన్నాం, మళ్లీ టోల్ ఏంది?' అన్నది లారీ యజమానుల వాదన. రైతులు కిలోమీటరుకెంతో వినలేదు, పుట్టి వడ్లకు ఎంత పడుతుందో చెప్పమన్నారు. టోల్ కట్టేది లారీవాడే అయినా, ఆ డబ్బు చివరికి కిరాయిలో కలిసి కళ్లం దగ్గర మన మీదే పడుతుందని వాళ్లకు తెలుసు. 2024 నవంబరులో ముఖ్యమంత్రిగారు అసెంబ్లీలో రాష్ట్ర రోడ్లను కూడా టోల్ పద్ధతిలో బాగుచేయిస్తామనీ, ముందు గోదావరి జిల్లాల్లో మొదలుపెడతామనీ అన్నప్పటి నుంచే ఈ భయం ఉంది. రోడ్డు పక్క హోటళ్లవాళ్లది ఇంకో భయం. టోల్ ఎంతన్నది వాళ్లకు పట్టలేదు, లారీలు ఊరి మొహం చూడకుండా పోతాయేమోనన్నదే వాళ్ల టెన్షన్.

ఇక్కడ ఒక పాత సంగతి రాయాలి. 2008లో కృష్ణపట్నం పోర్టు తెరిచాక బళ్లారి ఇనుప ఖనిజం లారీలు ఈ రోడ్డు మీద రాత్రీపగలూ తిరిగాయి. గోడలు, వేపాకులు, ఆరేసిన బట్టలు అన్నీ ఎర్రగా ఉండేవి. తారు లేచిపోయి గుంతల్లో గుంతలు పడ్డాయి. 2010 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఖనిజం ఎగుమతి ఆపేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలే నిలిపివేసింది. లారీలు పోయాయి, గుంతలు మనకు మిగిలాయి. కిస్తులు కట్టలేక బండ్లు అమ్ముకున్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. 2022 మే నెలలో ఎగుమతికి కోర్టు మళ్లీ దారి తెరిచింది. నేను టోల్ వైపు కొంచెం మొగ్గింది ఈ జ్ఞాపకం వల్లే. అప్పుడు ఆ లారీల దగ్గర రోడ్డు అరుగుదలకు ఎవరూ పైసా వసూలు చెయ్యలేదు, ఆ బాకీ మన నడుములే కట్టాయి. కార్యదర్శి సొంత అభిప్రాయం నివేదికలో రాయకూడదని ఇద్దరు సభ్యులు చెప్పారు. రాశాను, మన్నించాలి.

సెప్టెంబరు సమావేశంలో అసలు ఇంత రోడ్డు అవసరమా అన్న ప్రశ్న వచ్చింది. వెలిగొండల్లో 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వి ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలు మార్గం 2019లోనే తెరిచారు కదా, బరువు సరుకు అందులో పోదా అన్నారు. పోర్టులో కంటెయినర్ల పని ఆగిపోతోందని 2024 మొదట్లో జరిగిన రభస కూడా గుర్తుచేశారు. కొప్పర్తి, ఓర్వకల్లు పారిశ్రామిక వాడలను పోర్టుతో కలపడానికే ఈ రోడ్డని కేంద్రం చెబుతోంది. ఆ ఫ్యాక్టరీలు నిండితే రోడ్డూ నిండుతుంది. నిండకపోతే నష్టం కంపెనీదని కాగితం మీద ఉంటుంది గానీ, మనదేశంలో నష్టపోయిన రోడ్డు కంపెనీ చేతులెత్తేస్తే ఆ రోడ్డు సగంలో ఎలా పడి ఉంటుందో అందరూ చూసిందే.

చర్చను తిప్పేసింది మాత్రం రిటైరైన మన లెక్కల మాస్టారు. అప్పటిదాకా మనం రెండు కోరికలు కలిపి రాసుకున్నాం. ఒకటి, ఇప్పుడున్న పాత రోడ్డును టోల్ లేకుండా, మరమ్మతులతో అలాగే ఉంచాలని. రెండు, టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్ల సొంత కార్లకు ఇచ్చే నెల పాసు, 2025–26లో 350 రూపాయలది, మనకూ ఇవ్వాలని. మాస్టారు 2008 టోల్ నిబంధనలు తెలుగులో చదివి వినిపించారు. వాడుకోవడానికి వేరే రోడ్డు ఉన్నచోట ఆ పాసు ఇవ్వరు. జిల్లాలో రిజిస్టరైన, నేషనల్ పర్మిట్ లేని లారీలకు దక్కే సగం ధర రాయితీ కూడా అంతే. పాత రోడ్డు కావాలంటే పాసు పోతుంది, పాసు కావాలంటే పాత రోడ్డును వదులుకోవాలి. హాలు కాసేపు నిశ్శబ్దమైపోయింది. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన, అప్పట్లో మూడు వేల రూపాయల వార్షిక పాసు, 200 ట్రిప్పులది, ఉంది కదా అని ఒకాయన అన్నారు. అది కార్లకే, లారీలకు కాదు. ట్రాక్టర్లకు, బైకులకు మామూలుగా టోల్ లేదు.

చేతులెత్తించి చూస్తే పాత రోడ్డు వైపే ఎక్కువమంది ఉన్నారు. అందుకు తగ్గట్టు తీర్మానం రాశాం: కొత్త రోడ్డు డబ్బు దాన్ని వాడుకునే సరుకు బండ్ల దగ్గరే వసూలు చేసుకోవాలి, పాత రోడ్డు నిర్వహణ ఏ శాఖదో ముందే రాతపూర్వకంగా తేల్చాలి, దానికి ఏటా బడ్జెట్ కేటాయించాలి, భూమి పోయేవాళ్లకు పరిహారం చేతికందాకే పొలంలో దిగాలి. కారున్న సభ్యులు కొందరు సంతకం పెట్టలేదు. వాళ్ల అభ్యంతరం కూడా తీర్మానం కిందే రాయించాం.

భూమి విషయంలో ఒక మాట. ఏయే సర్వే నంబర్ల భూమి రోడ్డుకు తీసుకుంటారో చెప్పే ప్రభుత్వ ప్రకటన, అంటే 3ఏ నోటిఫికేషన్, వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపే అభ్యంతరం చెప్పుకోవాలి. పేపర్లో మీ సర్వే నంబరు కనిపిస్తే ఆ రోజే సంఘానికి రండి, అర్జీ మనమే రాసిస్తాం.

తీర్మానం పట్టుకుని ముగ్గురం ఒక కార్యాలయానికి వెళ్లాం. పాత రోడ్డు సంగతి మాది కాదు, పక్క కార్యాలయానిదన్నారు. అక్కడికి వెళితే మళ్లీ మొదటి దానికే పంపారు. చివరికి రెండుచోట్లా ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని వచ్చాం. ఈ నివేదిక రాసేనాటికి జవాబు రాలేదు. ముద్ర వేసిన నకళ్లు గ్రంథాలయంలో, వాన పడని బీరువాలో ఉన్నాయి. ఆదివారం పొద్దున వచ్చి చూసుకోవచ్చు.

కార్యదర్శి