మా నాన్నగారిని మళ్లీ మెట్లెక్కించిన అందరికీ కృతజ్ఞతలు

పక్షవాతంతో ఎడమవైపు చచ్చుబడిన మా నాన్నగారు ఇప్పుడు విశాఖ అక్కయ్యపాలెంలో లిఫ్ట్ లేని మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తుకి ఎక్కుతున్నారు, దిగుతున్నారు. సాయం చేసినవాళ్లందరికీ చేతులెత్తి నమస్కారం.

ముందుగా 108 సిబ్బందికి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆలోపే ఆసుపత్రికి చేర్చారు.

ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు గారు మొదట మెట్ల జోలికే పోనివ్వలేదు. చేతి ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం, నెమ్మదిగా కూర్చోవడం చేయించారు. తొడలో పట్టు రాకుండా మెట్టెక్కితే మోకాలు ఉన్నట్టుండి మడతపడిపోతుంది. తర్వాత 10 సెంటీమీటర్ల ఎత్తు చెక్కపీట ఎక్కి దిగడం, అది కుదిరాక 15. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. ఒంటి బరువు పైకి లేపేదీ, కిందికి దించేటప్పుడు ఆపేదీ బాగున్న కాలే మరి. పాదం వేలాడి మెట్టు అంచుకి తగులుతుంటే ఏఎఫ్‌ఓ స్ప్లింట్ (పాదం వేలాడకుండా చీలమండని, పాదాన్ని పట్టి ఉంచే పట్టీ) పెట్టించారు. అది బూటు లోపలే వేసుకోవాలి, హవాయి చెప్పులతో కాదు. తోడున్నవాళ్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక మెట్టు కిందే ఉండి నడుం బెల్టు పట్టుకోవాలి. చచ్చుబడిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది.

అన్నిటికంటే పెద్ద మేలు రెండో రెయిలింగ్. ఉన్న రెయిలింగ్ ఎక్కేటప్పుడు కుడిచేతికి అందుతుంది, దిగేటప్పుడు ఎడమవైపుకి వచ్చేస్తుంది. ఆ చేతిలో పట్టు లేదు. ఎక్కగలిగినవాళ్లు దిగలేక ఇంట్లోనే ఉండిపోయేది ఇక్కడే. గోడ వైపు ఇంకోటి వేయడానికి ఒప్పుకున్న అసోసియేషన్ వారికి రుణపడి ఉంటాం. వెల్డర్ బాబు ఎంత ఆలోచించి చేశాడో! సముద్రపు గాలికి ఇనుము ఉబ్బి పెచ్చులూడుతుందని స్టీలు పైపే వేశాడు. లావు 4 సెంటీమీటర్లు, మెట్టు అంచు నుంచి ఎత్తు 90, వేళ్లు దూరేలా గోడకి 5 ఎడం. బోల్టులు ప్లాస్టరింగ్‌లో ఆగిపోకుండా లోపలి కాంక్రీటు దాకా దింపాడు. ఆఖరి మెట్టు దాటాక 30 సెంటీమీటర్లు ముందుకి సాగదీశాడు. లేకపోతే పాదం నేల మీద ఆనకముందే చెయ్యి ఖాళీ అయిపోతుంది.

కింది ఇంటివారు మెట్ల మీది పూలకుండీలు తీసేశారు. మెట్లు కడిగే అమ్మ, నాన్నగారు దిగి వచ్చాకే నీళ్లు పోస్తోంది. ఇరుగుపొరుగు వారు ల్యాండింగ్ మీదికి వచ్చేదాకా ఆగి పలకరిస్తున్నారు. మెట్టు మీద మాట కలిపితే ధ్యాస పాదం నుంచి పోతుందని వాళ్లకి ఒక్కసారి చెబితే చాలింది.

ఆ 10, 15 సెంటీమీటర్ల పీటలు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. అవసరమైనవారు మీ ఫిజియోథెరపిస్టుని అడిగి, వచ్చి పట్టుకెళ్లండి.