బాగుందమ్మా అని వెళ్లిపోయేవాళ్లు

టాంపెరే, ఫిన్లాండ్
నవంబర్ 18

అమ్మా,

ఇక్కడ మేమంతా బాగున్నాం. మూడున్నరకే చీకటి పడిపోతోంది, అదొక్కటే దిగులు. మన కర్రీ పాయింట్ గురించి నువ్వు ఫోన్‌లో అన్న మాట మాత్రం రెండు రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది. "అందరూ బాగుందనే అంటున్నారే, మరి రాత్రికి సాంబారు గిన్నెలో సగం ఎందుకు మిగులుతోంది?" అన్నావు కదా.

బాగుందనే అంటారమ్మా. అక్కయ్యపాలెంలో ఇన్నేళ్లుగా రోజూ కనపడే మనిషివి, గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి అడిగితే ఎవరు కాదంటారు? కూరలు ఎలా ఉన్నాయో చెప్పమని తమ్ముడు గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ సంగతీ అంతే. పద్నాలుగు ప్రశ్నలు! ఒక చేతిలో పప్పు ప్యాకెట్టు, ఇంకో చేతిలో బండి తాళాలు పట్టుకున్నవాడు అన్నిటికి ఆగుతాడా? నింపిన ముగ్గురిలో ఒకరు మన పిన్నేనట.

ఇప్పుడు తమ్ముడు పదికి ఎన్ని మార్కులో అడుగుదామంటున్నాడు. ఆ పద్ధతి గురించి ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే ఆయన 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. "మీవాళ్లకి మా గురించి చెబుతారా?" అని అడిగి 0 నుంచి 10 దాకా వేయమంటారు. 9, 10 వేసినవాళ్లే మనవాళ్లు. 7, 8 అటూ ఇటూ కాదు. 6, అంతకన్నా తక్కువైతే నచ్చనట్టే. పెద్ద కంపెనీలకి సరే. మన దగ్గర అందరూ మొహమాటానికి పది వేసి పోతారు.

నా సంగతే చూడు. ఇక్కడ షాపుల్లో బయటికొచ్చే దారిలో నాలుగు బటన్లు పెడతారు, రెండు నవ్వు మొహాలు, రెండు మాడు మొహాలు. అవి చేసే హ్యాపీ ఆర్ నాట్ కంపెనీ 2009లో ఈ ఊళ్లోనే పుట్టింది. పేరు అడగరు, నొక్కి పోవడమే. అయినా మొన్న ఒళ్లు మండుతున్నా, కౌంటర్ అమ్మాయి చూస్తోందని నవ్వు మొహమే నొక్కాను! ఇంకో చిన్న హోటల్లో బిర్యానీ రుచి తగ్గిందని మానేశాను. వాళ్లకి ఒక్క మాటా చెప్పలేదు.

అందుకే నువ్వు ఎలా ఉందని అడగకు, ఏం జరిగిందో అడుగు. "నిన్నటి సాంబారు మిగిలిందా బాబూ?" అను. "ఇద్దరమే కదండీ, ప్యాకెట్టు ఎక్కువైంది" అన్నారనుకో, తంటా ఉప్పుతో కాదు, ప్యాకెట్టు సైజుతో అని తెలుస్తుంది. "బాగుందా, వేడిగా ఉందా" అని రెండూ కలిపి అడిగావంటే దేనికి తలూపారో తెలీదు.

ఏ కూర ఎన్నింటికి అయిపోయిందో, ఏది ఎంత మిగిలిందో పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే నాన్నని రాయమను. ఏ కూర అడిగి, అది లేదని చెబితే వెనక్కి వెళ్లారో, అదీ రాయాలి.

రైల్వే న్యూ కాలనీ కుర్రాళ్లు నలుగురు దసరా నుంచి కనపడటం లేదన్నావు. అసలు అడగాల్సింది వాళ్లని. ఎదురుపడితే "ఎందుకు రావట్లేదు" అనకు, నిలదీసినట్టు ఉంటుంది. "ఇప్పుడు భోజనం ఎక్కడ నాన్నా?" అను చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. చెప్పాక "అలా కాదు బాబూ" అని వాదించకు. నీకు ఆ అలవాటు ఉంది, కోప్పడకు.

ఇంకోటి. సాంబారులో బెల్లం కాస్త ఎక్కువ పడుతోందని జూన్‌లో వచ్చినప్పుడే నాకనిపించింది. బాగుందమ్మా అనేసి తిన్నాను.

నీ పెద్దది