కారం ప్యాకెట్ మీద కాయ రకం కూడా వేయాలి

సంపాదకులు గారికి నమస్కారమండి,

మీ పేపర్లో గుంటూరు మిర్చి యార్డు రేట్లు రోజూ చూస్తుంటాను, తేజ ఇంత, 334 ఇంత, బాడిగ ఇంత అని ఒక్కో మిర్చి రకానికి దేని రేటు దానికి విడిగా వేస్తారు, ఆఖరికి తాలు కాయలకి కూడా వేరే రేటే. అదే కాయ కారం అయ్యి ప్యాకెట్లోకి ఎక్కేసరికి మాత్రం రకం పేరు పోయి ఒట్టి 'గుంటూరు కారం' అని మిగులుతుంది. మా ఊరి పేరు వేస్తున్నందుకు సంతోషమే గానీ వండేవాళ్ళకి అది చాలదండి.

గుంటూరు సన్నం అంటే ఒక రకం, 334 అనేది ఇందులోదే, దానికి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. తోలు మందంగా ఉంటుంది, ఘాటు స్కోవిల్ లెక్కలో 35 వేల నుంచి 40 వేల దాకా చెప్తారు. తేజ కాయ చూడ్డానికి చిన్నదే గానీ ఘాటు దాదాపు రెట్టింపు. బాడిగ అసలు మన కాయే కాదు, కర్ణాటకలో హావేరి జిల్లా బ్యాడగిది, రంగు బాగా వస్తుంది, కారం తక్కువ. వరంగల్ చపాటా కూడా రంగు కాయే.

నిరుడు ఆవకాయకి మిల్లు పట్టించడం కుదరక ప్యాకెట్ కారం కొన్నాం. ఆవపిండి, ఉప్పు, నూనె అన్నీ ఎప్పటి కొలతలే, అయినా జాడీ తీసేసరికి రంగు లేదు సరికదా ముద్ద నోట్లో పెడితే చెవుల్లోంచి పొగలు, పిల్లలు పెరుగన్నంలోకి కూడా ముట్టలేదు. అందులో ఏ కాయ ఆడించారో ప్యాకెట్ మీద ఉంటే ఆ కొలత తగ్గించి వేసుకునేవాళ్ళం కదా.

కాయ తెచ్చుకుంటే ఈ బాధ లేదు, ముచ్చికలు తీసి ఎండలో పోసి, గుప్పెట్లోకి తీసుకుంటే లోపల గింజలు గలగలమనేదాకా ఎండనిచ్చి అప్పుడు మిల్లుకి పట్టుకెళ్తాం. కొరివికారానికైతే పండుమిరపకాయలు కడిగి తడి లేకుండా గుడ్డ మీద ఆరబోసి ఉప్పు, చింతపండు, పసుపు వేసి దంచుతాం, అక్కడా మెత్తటి కండ ఉన్న కాయే కావాలి. కానీ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు, ఉద్యోగాలకి పోయేవాళ్ళు ఇవన్నీ చెయ్యలేరు, వాళ్ళకి ప్యాకెట్టే దిక్కు.

కాబట్టి కారం కంపెనీల వాళ్ళు తేజనా, 334నా, రెండూ కలిపారా అన్నది ప్యాకెట్ మీద వేయాలి, కలిపితే పాళ్ళు కూడా చెప్పాలి. మీరు కూడా ఆదివారం వంటల పేజీలో 'కారం రెండు స్పూన్లు' అని వదిలెయ్యకుండా ఏ కాయ కారమో రాయండి.

ఇట్లు,
ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు