సుగ్గికి పోయే ముందు ఒక మాట

తల్లిదండ్రులకు, ఇంటి దగ్గర పిల్లలను చూసుకునే అవ్వాతాతలకు నమస్కారం.

దసరా సెలవులు అయిపోయాయి. ఇక్కడి పనులు ఒక కొలిక్కి రాగానే మన ఊళ్ళ నుంచి గుంటూరు, పల్నాడు వైపు సుగ్గికి, అంటే కోతల పనికి వలసగా, బండ్లు కదులుతాయి. మిరప కోతలు ముగిసేదాకా చాలా ఇళ్ళకు తాళాలే. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఇది ఏటా జరిగేదే. సరదాకు ఎవరూ సుగ్గికి పోరు, అందుకే పోవద్దని నేను చెప్పను. పిల్లలను మాత్రం వెంట తీసుకుపోవద్దని గట్టిగా అడుగుతున్నాను. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు వచ్చేది కూడా సరిగ్గా ఆ కోతల రోజుల్లోనే, మార్చిలో.

వదిలిపోతే తిండికి, పడకకు సీజనల్ హాస్టలో, అవ్వ ఇల్లో ఉంటుంది. "ఈ వారం ఎట్లా గడిచిందిరా?" అని ఆ ఒక్క పిల్లాడినే పక్కన కూర్చోబెట్టుకుని అడిగే పెద్దవాళ్ళే ఉండరు. టీచర్లం ఉన్నాం, కానీ క్లాసు నిండా పిల్లలున్నప్పుడు వెనక బెంచీలో మూగగా కూర్చున్నవాడి సంగతి మాకు ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే పోయిన ఏడాది మొదలుపెట్టిన మెంటర్ల పనిని ఈసారి పెంచుతున్నాం. ఒక పిల్లకు ఊళ్ళోనే ఉండే ఒక పెద్ద, వారానికి ఒక గంట. జీతం లేదు, పూర్తిగా స్వచ్ఛందం.

"మాకు చదువు రాదు కదా మేడం" అని చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. మెంటర్ ట్యూషన్ చెప్పనక్కర్లేదు, లెక్కలు చెప్పడానికి మేమున్నాం. పోయిన ఏడాది మెంటర్లలో బాగా పనిచేసినవాళ్ళలో ఒకావిడ టైలర్, ఐదో తరగతితో బడి మానేసింది. ఆమె చూసుకున్న అమ్మాయికి అప్పటికే ఎన్‌ఎంఎంఎస్ (పేదింటి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే) స్కాలర్‌షిప్ వచ్చి ఉంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్ళకు 48,000. అయితే ప్రతి సంవత్సరం పోర్టల్‌లో రెన్యూవల్ చేయాలి, లేకపోతే డబ్బు ఆగిపోతుంది. ఆ అమ్మాయి రెన్యూవల్ గడువు దగ్గరపడేసరికి వాళ్ళ నాన్న వేరే జిల్లాలో పనిలో ఉన్నాడు. ఓటీపీ పోయేది ఆయన ఫోన్‌కే, చేలో సిగ్నల్ ఉండదు. టైలరమ్మ రాత్రి ఆయనకు ఫోన్ చేసి, మరుసటి రోజు పొద్దున పనికి దిగకముందే రోడ్డు మీదికి వచ్చి నిలబడమని చెప్పింది. ఆ టైముకు అమ్మాయిని వెంటబెట్టుకుని కంప్యూటర్ గదికి వచ్చింది. మొదటి ఓటీపీ ఆయన చదివి చెప్పేలోపే టైమ్ అయిపోయింది. రెండోది పడింది. (బ్యాంకు ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పకండి, అది వేరే కథ.) ఆమె చేసిన పనికి ఏ డిగ్రీ అవసరం లేదు. గడువు గుర్తుపెట్టుకుంది, అంతే. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆమెను అత్తా అనే పిలుస్తుంది.

మొదటి నెల మాత్రం కష్టం. కొందరు పిల్లలు "ఊ", "ఊహూ" తప్ప నోరు విప్పరు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలతో మీకు వస్తే కన్నడంలోనే మాట్లాడండి. మాటలు రానప్పుడు అష్టాచమ్మా ఆడండి, పూలమొక్కలకు నీళ్ళు పోయించండి. మార్కుల సంగతి మొదటి రోజే ఎత్తితే మాత్రం ఇక మాట్లాడరు.

నేను ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉంటాను. ఏడాది పాటు రాగలం అనుకుంటేనే పేరు ఇవ్వండి. ఊరికే అనడం లేదు. అమెరికాలో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ఇదే విషయాన్ని చూశారు. ఏడాదికి పైగా మెంటర్ ఉన్న పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే మెంటర్ దూరమైన పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. అమ్మానాన్నలు ఎటూ దూరంగానే ఉన్నారు, మరో మనిషి కూడా వచ్చి మాయమైపోతే ఎలా? పెళ్ళిళ్ళు, జాతరలు ఉంటాయి, ఒక వారం కుదరకపోతే ముందే చెప్పి పంపండి. చెప్పకుండా మానేస్తే ఆ పిల్ల గేటు వైపే చూస్తూ కూర్చుంటుంది.

భద్రత విషయంలో మినహాయింపులు లేవు, ఎంత తెలిసినవాళ్ళయినా సరే. కలవడం శనివారం మధ్యాహ్నం బడి వరండాలోనే, టీచర్ కళ్ళెదుటే. ఇంటికి తీసుకుపోవడం, బండి మీద తిప్పడం, ఫొటోలు తీసి స్టేటస్ పెట్టడం కుదరదు. డబ్బులు, సెల్‌ఫోన్లు ఇవ్వకూడదు. ఆడపిల్లలకు ఆడవాళ్ళే మెంటర్లు. బడిలో పిల్లలను కొట్టడం, మాటలతో హింసించడం విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, మెంటర్లకూ మా దగ్గర అదే రూలు. పిల్ల ఏదైనా రహస్యం చెబితే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు సంగతి తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని తెలిసినా వెంటనే నాకు చెప్పండి, నేను దొరకకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఇంత కట్టడి ఎందుకని నొచ్చుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. నొచ్చుకున్నా ఫర్వాలేదు.

సుగ్గికి పోయే తల్లిదండ్రులు బయలుదేరే ముందు ఆఫీసుకు వచ్చి ఒప్పుకోలు పత్రం మీద సంతకమో వేలిముద్రో వేసి వెళ్ళండి. అది లేకుండా మీ పిల్లకు మెంటర్‌ను ఇవ్వలేం. ఎవరిని పెడుతున్నామో మీకు ముందే చూపిస్తాం, నచ్చకపోతే కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. మెంటర్‌గా ఉండదలచినవాళ్ళు ఆధార్ నకలు తెచ్చి పేరు రాయించుకోండి, 18 ఏళ్ళు నిండి ఉండాలి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులు కూడా ఉండి ఒక్కొక్కరితో మాట్లాడతారు.

పత్రంలో ఈసారి కొత్తగా ఒక గడి పెట్టాం: చేలో మీకు సిగ్నల్ ఏ టైముకు దొరుకుతుంది అని. అది ఖాళీగా వదలకండి.

ప్రధానోపాధ్యాయురాలు